తండా కోసం గ్రాంటు అడుగుతున్నారా? బడ్జెట్‌లో కైకిలి (రోజు కూలి) లెక్క రాయండి

సమానత కోసం పనిచేసే ఫౌండేషన్ల దరఖాస్తు ఫారాల్లో రెండు ప్రశ్నలు సాధారణంగా ఉంటాయి. ఈ పనితో ఎవరికి మేలు జరుగుతుంది అన్నది మొదటిది. ఈ పని ఎట్లా జరగాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నది రెండోది. పాలమూరు నుంచీ నల్గొండ నుంచీ పోయే దరఖాస్తుల్లో మొదటి ప్రశ్నకు జవాబు పేజీలకు పేజీలు ఉంటుంది. వలస, కరువు, ఫ్లోరైడ్, బాల్యవివాహాలు అన్నీ వస్తాయి. రెండో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి 'ప్రజల భాగస్వామ్యంతో' అన్న ఒక్క మాటతో సరిపెడతారు. మంచి పని చేసే చిన్న సంస్థలు వెనకబడిపోయేది ఇక్కడే. ఆ జవాబు మాటల్లో రాస్తే చాలదు, బడ్జెట్‌లో కనబడాలి. ఈ పోస్టు ముఖ్యంగా దాని గురించే. దానికంటే ముందు దాటాల్సిన గడపలు కొన్ని ఉన్నాయి కాబట్టి వాటితో మొదలుపెడదాం.

ప్రాంతీయ ఫౌండేషన్ అంటే ఒక ప్రాంతంలోని దాతల డబ్బును ఒకచోట చేర్చి, ఆ ప్రాంతంలోని సంస్థలకే పంచే ఏర్పాటు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఇట్లాంటిది మొదటిసారి మొదలైంది. మన దేశంలో ఈ పద్ధతి ఇంకా తక్కువే. మన దగ్గర ఇలాంటి పనికి డబ్బు ఇచ్చేవాళ్లలో కుటుంబ ట్రస్టులు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) ఫౌండేషన్లు, దళిత, ఆదివాసీ, మహిళా సంఘాలకు మాత్రమే ఇచ్చే నిధులు కనిపిస్తాయి. వాళ్ల పేర్లు వేరైనా అడిగేవి దాదాపు ఒకటే.

దరఖాస్తు రాయకముందే ఫోన్ చేయండి. ప్రోగ్రాం ఆఫీసర్‌ను అడగాల్సినవి నాలుగు: మీరు ఇచ్చేది దేశీయ నిధా, విదేశీ నిధా? ఏ జిల్లాల్లో ఇస్తున్నారు? మా అంత చిన్న సంస్థకు ఎంతవరకు ఇవ్వగలరు? జీతాలకు, ఆఫీసు ఖర్చుకు ఇస్తారా? ఈ నాలుగింటికి జవాబు దొరికితే నెల రోజుల వృథా శ్రమ తప్పుతుంది. చాలామంది దాతలు సంస్థ వార్షిక ఆదాయంలో ఇంత భాగం మించి ఇవ్వకూడదని ఒక హద్దు పెట్టుకుంటారు. ఏడాదికి రెండు లక్షలు ఖర్చు పెట్టే సంఘం ముప్పై లక్షలు అడిగితే ఆ కాగితం మొదటి వడపోతలోనే ఆగిపోతుంది.

దేశీయ నిధా, విదేశీ నిధా అన్న ప్రశ్న ఎందుకంత ముఖ్యమంటే, 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరించినప్పటి నుంచి ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే కుదరదు. అంటే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మధ్యవర్తి సంస్థ విదేశీ డబ్బు తెచ్చి మీకు పంచడం అన్న దారి మూసుకుపోయింది. అలాంటి మధ్యవర్తి ఇచ్చేది దేశీయ నిధి అయితేనే ముందుకు పోవాలి.

అమెరికాలో ఉన్న మన ఊరివాళ్ల డబ్బు విషయంలో ఇంకో చిక్కుంది. భారత పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా, అది విదేశీ విరాళమే. సూర్యాపేటలో పుట్టాడా వనపర్తిలో పుట్టాడా అన్నది చట్టానికి పట్టదు. కాబట్టి ఎన్ఆర్ఐ దాత నుంచి డబ్బు తీసుకునే ముందు పాస్‌పోర్టు కాపీ అడిగి ఫైల్లో పెట్టుకోవాలి. అడగడానికి మొహమాటపడి తర్వాత నోటీసు అందుకోవడం ఏ చిన్న సంస్థా తట్టుకోలేదు.

ఇక కాగితాలు. సొసైటీ అయితే తెలంగాణలో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదై ఉండాలి. నమోదు చేసి వదిలేస్తే చాలదు. ఏటా జనరల్ బాడీ సమావేశం తర్వాత కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఎన్నో సంఘాలు దీన్ని ఏళ్ల తరబడి ఇవ్వవు. గ్రాంటు ఇచ్చే సంస్థ సర్టిఫైడ్ కాపీ అడిగినప్పుడు, కాగితం మీద ఉన్న అధ్యక్షుడు ఒకరు, బ్యాంకులో సంతకం ఉన్నది ఇంకొకరు, దరఖాస్తు మీద సంతకం పెట్టింది మరొకరు అని తేలుతుంది. ముందు దాన్ని సరిచేసుకోండి.

తర్వాత పాన్, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, ఆదాయపు పన్ను కింద 12ఏబీ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు. మొదటిసారి ఇచ్చే తాత్కాలిక రిజిస్ట్రేషన్ మూడేళ్లకే. పని మొదలైన ఆరు నెలల్లోపు, లేదా గడువు తీరడానికి ఆరు నెలల ముందు, ఏది ముందైతే అప్పుడు పూర్తిస్థాయి రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టాలి. 'మూడేళ్లుంది కదా' అని కూర్చున్నవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దాంతో సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారతాయి. పాత సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాళ్లు ఆడిటర్‌తో ఒకసారి కూర్చుని ఏ గడువు ఎప్పుడుందో రాసుకోవాలి. సీఎస్ఆర్ డబ్బు కావాలంటే వీటికితోడు కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో సీఎస్ఆర్-1 నమోదు, అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం కావాలి.

రిజిస్ట్రేషన్ లేని సంఘాల సంగతి వేరు. మక్తల్, నారాయణపేట వైపు జోగినీ మహిళల (దేవత పేరిట అంకితం చేయబడిన ఆడవాళ్ల) బృందాలు, అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల్లో (చెంచుల చిన్న ఆవాసాల్లో) యువకుల సంఘాలు, చందంపేట తండాల్లో వలస కూలీల గుంపులు ఈ కాగితాలన్నీ ఎక్కడ తెస్తాయి? సమానత అన్న మాటకు అర్థం ఉండాలంటే డబ్బు చేరాల్సింది ముందు వాళ్లకే. రెండు దారులున్నాయి. కొన్ని నిధులు వ్యక్తులకు ఫెలోషిప్ ఇస్తాయి. సంఘంలో ఒకరు ఫెలోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండోది, రిజిస్టర్ అయిన సంస్థ ఒకటి ఆ బృందం తరఫున గ్రాంటు తీసుకోవడం. ఈ రెండో దారిలో తగాదాలు ఎక్కువ. అందుకే ముందే తెలుగులో ఒప్పందం రాసుకోవాలి. సంస్థ తన నిర్వహణ కోసం ఎంత శాతం ఉంచుకుంటుంది, డబ్బు వచ్చిన ఎన్ని రోజుల్లో బృందానికి అందుతుంది, కార్యకర్తను పెట్టేది తీసేసేది ఎవరు, నివేదిక మీద ఎవరి పేరు ఉంటుంది, పని మధ్యలో విడిపోతే మిగిలిన డబ్బు ఏమవుతుంది అన్నవి అందులో ఉండాలి. నోటిమాట మీద నడిపితే గ్రాంటు డబ్బు రెండో వాయిదా నాటికి ఇద్దరి మధ్యా మాటలుండవు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల (మాక్స్) చట్టం కింద నమోదైన పొదుపు సంఘాలు కూడా ఇది గమనించాలి. అవి సహకార సంఘాలే తప్ప ధార్మిక సంస్థలు కావు, కాబట్టి చాలామంది దాతలు నేరుగా గ్రాంటు ఇవ్వలేరు.

ఇప్పుడు సమస్యను రాయడం. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం అని ప్రతి దరఖాస్తులో ఉంటుంది. ఆ జిల్లా 2016 అక్టోబర్ 11న ముక్కలైంది, 2019లో నారాయణపేట కూడా వేరైంది. పాత జిల్లా సగటు చెప్పి గద్వాల వైపు గట్టు మండలంలోని ఆడపిల్లల చదువు గురించి వాదిస్తే, అసలు లోటు సగటులో కలిసిపోతుంది. జిల్లా అంకె ఒక వాక్యంలో చెప్పి, వెంటనే ఊరి లెక్కకు దిగండి. బడి రిజిస్టర్, అంగన్‌వాడీ రిజిస్టర్, ఉపాధి హామీ జాబ్ కార్డుల వివరాలు పనికొస్తాయి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు.

వీటన్నిటికంటే బలమైనది మీరు ఇల్లిల్లూ తిరిగి తీసిన లెక్క. ఎనిమిది తండాలు, ఒక్కో తండాకు అరవై ఇళ్లు అనుకుంటే 480 ఇళ్లు. ఇద్దరు కలిసి రోజుకు ముప్పై ఇళ్లు తిరిగితే పదహారు రోజుల పని. ప్రశ్నలు ఆరుకు మించొద్దు: ఇంట్లో ఎంతమంది, ఎవరు వలస పోయారు, ఎక్కడికి, ఎన్ని నెలలు, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు, మేస్త్రీ (కూలీలను వలస పనికి తీసుకుపోయేవాడు) దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎంత. ఈ ఒక్క పేజీ పట్టిక పది పేజీల వర్ణనకంటే ఎక్కువ పనిచేస్తుంది. ఏడాది తర్వాత మార్పు చూపాలన్నా మొదటి కొలత ఇదే. పని మొదలయ్యాక తీస్తే ఆ కొలత ఎవరూ నమ్మరు.

బడ్జెట్ దగ్గరికి వద్దాం. ఒక ఉదాహరణ లెక్క వేసుకుందాం. దేవరకొండ వైపు ఎనిమిది తండాల్లో వలస కుటుంబాల పిల్లలు బడి మానకుండా చూసే పని, ఏడాది కాలం. ఇద్దరు కార్యకర్తలకు నెలకు 14,000 చొప్పున ఏడాదికి 3,36,000. వాళ్ల తిరుగుళ్లకు ఒక్కొక్కరికి నెలకు 2,500 చొప్పున 60,000. మూడు నెలలకోసారి అన్ని తండాలూ కలిసే సమావేశానికి 9,000 చొప్పున నాలుగింటికి 36,000. పార్ట్‌టైమ్ అకౌంటెంట్‌కు నెలకు 4,000 చొప్పున 48,000. ఆడిట్ 15,000. అద్దె, కరెంటు, కాగితాలు నెలకు 2,000 చొప్పున 24,000. ఇంతవరకు అందరూ రాస్తారు.

ఎక్కువమంది రాయనిది ఇంకొకటుంది. ఒక్కో తండాలో ఐదుగురితో కమిటీ, అందులో కనీసం ముగ్గురు ఆడవాళ్లు. నెలకొక సమావేశం. సమావేశానికి వచ్చిన పూట కైకిలి పోతుంది. ఆ సగం రోజు కైకిలికి మనిషికి 200 చొప్పున, నలభై మందికి పన్నెండు నెలలకు 96,000. మొత్తం బడ్జెట్ 6,15,000 అవుతుంది. ఈ 96,000 లేకపోతే కమిటీలో మిగిలేది పనికి పోకపోయినా ఇల్లు గడిచేవాళ్లే: రేషన్ డీలరు, మాజీ వార్డు మెంబరు, ట్రాక్టరు ఉన్న ఆయన. పత్తి ఏరేటామెకు ఎన్ని కిలోలు ఏరితే అన్ని పైసలు. సీజన్‌లో ఒక పూట మానమని అడిగి, దానికి ఏమీ ఇవ్వకుండా, 'మహిళల భాగస్వామ్యం' అని రాసుకోవడం అన్యాయం. ఫౌండేషన్ అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఈ వరుసలోనే ఉంది. దాన్ని 'ఇతర ఖర్చులు' కింద దాచకుండా పేరు పెట్టి, లెక్క విడదీసి రాయండి. ఈ కమిటీకి ఏ అధికారాలున్నాయో కింద ఒక పేరాలో చెప్పండి. కార్యకర్త ఎంపిక కమిటీదా? ఏ పిల్లలను ముందు చేర్చాలో తేల్చేది కమిటీయా? కార్యకర్త జీతం బిల్లు మీద కమిటీ సంతకం కావాలా? మూడింటికీ 'అవును' అనలేకపోతే కనీసం ఒకదానికైనా అనగలిగేలా పని కట్టుకోండి.

అకౌంటెంట్, ఆడిట్, ఆఫీసు కలిపితే 87,000, అంటే మొత్తంలో దాదాపు 14 శాతం. దీన్ని తక్కువ చేసి చూపితే గ్రాంటు వస్తుందనే భ్రమ ఉంది. అకౌంటెంట్ జీతం తీసేసి 'స్వచ్ఛంద సేవ' అని రాసిన సంస్థలు ఆరో నెలకు వోచర్లు లేక రెండో వాయిదా పోగొట్టుకుంటాయి. సీఎస్ఆర్ నియమాల్లోని 5 శాతం పాలనా ఖర్చుల పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చు మీద ఉన్నది. మీ ప్రాజెక్టు నిర్వహణకు అది వర్తించదు. ఎవరైనా పొరపాటున అలా అంటే మర్యాదగానే వివరించండి. జీతాల తేడా కూడా చూస్తారు. డైరెక్టరుకు యాభై వేలు, తండాలో తిరిగే అమ్మాయికి ఏడు వేలు అని ఉంటే ప్రశ్న వస్తుంది, రావాలి కూడా.

చెంచు పెంటల్లో పనైతే ప్రయాణం లెక్క వేరుగా వేయాలి. బస్సు లేని చోటికి జీపు, టైగర్ రిజర్వు లోపలి పెంటలకు అటవీశాఖ అనుమతి, ఆ అనుమతి వచ్చేదాకా పట్టే కాలం ముందే చెప్పండి. నారాయణపేట సరిహద్దులో కన్నడ, తండాల్లో లంబాడీ మాట్లాడతారు. దుబాసీ ఖర్చు రాయండి, లేదా ఆ భాష వచ్చిన కార్యకర్తనే పెట్టండి. రెండోదే మేలు.

పని క్యాలెండర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఫౌండేషన్ల ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి. పాలమూరు కూలీల ఏడాది అట్లా ఉండదు. దసరా, దీపావళి దాటాక గుంపులు కదులుతాయి, ఉగాది తర్వాత, కొందరైతే వానలకు ముందు తిరిగొస్తారు. జనవరిలో తండాలో 'తల్లిదండ్రుల శిక్షణ' పెడితే ముసలివాళ్లు, పిల్లలే ఉంటారు. ఫొటోలో అది తెలిసిపోతుంది. పిల్లల చదువు పనైతే సెప్టెంబర్‌లోనే వలస పోబోయే కుటుంబాల జాబితా తయారు కావాలి. పిల్లలను ఉంచే ఏర్పాటు వాళ్లు కదిలేలోపు సిద్ధం కావాలి, ఎందుకంటే ఒకసారి మేస్త్రీ లారీ ఎక్కాక పిల్లవాడిని మళ్లీ ఆ ఏడు బడికి తేవడం దాదాపు జరగదు. గ్రాంటు డిసెంబర్‌లో మంజూరైతే ఆ సీజన్ పోయినట్టే. అప్పుడు పని పథకాన్ని మార్చి పంపాలి, పాత తేదీలతో సంతకం పెట్టకూడదు.

ఫొటోల విషయంలో గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన మనుషుల ఫొటోలు, జోగినీ మహిళల ముఖాలు దరఖాస్తు అట్టమీద వేసే అలవాటు మానేయాలి. ఆ ఫొటో ఎవరి చేతుల్లోకి పోతుందో ఆ మనిషికి తెలియదు. జోగిని కూతురి పెళ్లి సంబంధం మీద దాని ప్రభావం పడుతుంది. ఊరు, పేరు, ముఖం లేకుండా కూడా సమస్యను చెప్పవచ్చు. ఫొటో తప్పదనుకుంటే ఆమె భాషలో చెప్పి, రాతపూర్వక అనుమతి తీసుకుని, 'వద్దు' అన్న రోజున తీసేసే వీలుంచండి. పిల్లల రక్షణ విధానం, పనిచోట లైంగిక వేధింపుల నివారణ విధానం కూడా అడుగుతారు. పదిమంది, అంతకుమించి ఉద్యోగులుంటే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకు తక్కువైతే ఫిర్యాదు జిల్లా స్థాయి కమిటీకి పోతుంది, ఆ వివరం కార్యకర్తలకు తెలిసి ఉండాలి.

కాగితాలు నచ్చితే క్షేత్ర పరిశీలనకు వస్తారు. హైదరాబాద్‌లో పొద్దున బయలుదేరిన కారు పదకొండింటికి తండాకు చేరుతుంది, అప్పటికి మనుషులంతా చేలల్లో ఉంటారు. సాయంత్రం ఆరు తర్వాత రమ్మని, రాత్రి నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండమని ముందే చెప్పండి. శాలువాలు, బొకేలు వద్దు. సర్పంచ్‌తో మర్యాదగా వేరుగా కలిపించండి, కమిటీ ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆయనా మీరూ అక్కడ లేకుండా చూడండి. వాళ్ల మాటను మీరే అనువదిస్తే విలువ ఉండదు. 'ఈ పనిలో మీకు నచ్చనిది ఏంది?' అని వచ్చినవాళ్లు అడుగుతారు. అక్కలు నిజం చెప్పేస్తే కంగారుపడకండి. చెప్పగలుగుతున్నారంటేనే ఆ కమిటీకి బలముందని అర్థం చేసుకునేవాళ్లే మంచి దాతలు.

డబ్బు వచ్చాక తప్పులు ఎక్కువగా మార్చి చుట్టూ జరుగుతాయి. ధార్మిక సంస్థ ఆదాయంలో 85 శాతం ఆ ఆర్థిక సంవత్సరంలోనే లక్ష్యాల మీద ఖర్చు కావాలి. గ్రాంటు ఫిబ్రవరిలో పడితే అది సాధ్యం కాదు. మిగిలినదాన్ని వచ్చే ఏడాదికి ఉంచుకోవడానికి నిర్ణీత ఫారం గడువులోపు వేయాలి. డబ్బు పడ్డ వారంలోనే ఆడిటర్‌కు చెప్పండి, మార్చి ఆఖరున చెబితే ఆయన కూడా చేయగలిగేది తక్కువ. ఒక మనిషికి ఒక రోజులో 10,000 మించి నగదు ఇవ్వకూడదు. 5,000 దాటిన రసీదు మీద రెవెన్యూ స్టాంపు ఉండాలి. కైకిలి పరిహారం వీలైనంతవరకు బ్యాంకు ఖాతాలో వేయండి. ఆ ఖాతా ఆమెదే కావాలి, భర్తది కాదు. నగదే ఇవ్వాల్సి వస్తే తేదీ, సమావేశం పేరు, సంతకం లేదా వేలిముద్ర, పక్కన ఇంకో సభ్యురాలి సంతకం ఉన్న వోచర్ ఉండాలి. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు డబ్బు మార్చాలంటే ఒప్పందంలో ఎంత శాతం దాకా అనుమతి ఉందో చూసి, మించితే ఖర్చుకు ముందే మెయిల్‌లో అడగండి. ఖర్చయ్యాక అడిగితే చాలామంది ఒప్పుకోరు.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం అడగండి, చాలామంది చెబుతారు. వచ్చిన జవాబును కమిటీ ముందు చదవండి.

మంజూరైతే మొదటి సమావేశంలోనే బడ్జెట్‌ను తెలుగులో ఒక పెద్ద కాగితం మీద రాసి బడి గోడకో, సేవాలాల్ గుడి దగ్గరో అతికించండి. ఎవరి జీతం ఎంత, కైకిలి పద్దు ఎంత, ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది అన్న మూడు గడులు చాలు. మూడు నెలలకోసారి అంకెలు మార్చండి. చదవడం రానివాళ్ల కోసం ఒకరు గట్టిగా చదివి వినిపించాలి, లంబాడీలో అయితే ఇంకా మంచిది. 'నాకు మొన్నటి మీటింగు పైసలు రాలేదు' అని ఎవరైనా లేస్తే వోచర్ల ఫైలు అక్కడే తెరవండి. ఆ రోజు తేలిన తేడాలు, సరిచేసిన విధానం కమిటీ తీర్మానంగా రాసి, దాన్నే త్రైమాసిక నివేదికకు జతచేసి పంపండి.